54 పాయింట్లు చేసి ఓడిన మ్యాచ్‌లో తప్పెక్కడ జరిగింది?

శ్రీకాకుళం జిల్లావాళ్లకు ఆటను అంకెల్లో చూడడం కొత్తేమీ కాదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ 240 పక్కన ఇంకో వివరణ అక్కర్లేదు. ఎత్తింది ఎంతో అంకెలోనే ఉంది.

బాస్కెట్‌బాల్ స్కోరుబోర్డు మీది అంకెకు ఆ బలం లేదు. బోర్డు మీద 54 కనబడితే ఆ జట్టు బాగా ఆడిందో లేదో చెప్పలేం. ఆ 54 ఎన్ని అవకాశాల్లో వచ్చాయో బోర్డు చెప్పదు కాబట్టి. కాలేజీ టోర్నమెంట్లో ఓడిపోయి వచ్చాక జరిగే చర్చంతా ఈ ఒక్క లోటు మీదే నడుస్తుంది. "షాట్లు పడలేదు సార్" అంటారు పిల్లలు. "రేపట్నుంచి ఒక్కొక్కరూ రెండొందల షాట్లు వెయ్యండి" అంటారు పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు. చాలాసార్లు రోగం ఒకటి, మందు ఇంకొకటి.

కాలేజీ జట్టు బెంచీ పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చునేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ నోట్‌బుక్‌లో ఏం రాయాలి, రాసినదాన్ని ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ వ్యాసం.

శ్రీకాకుళంలోని ఒక కాలేజీ జట్టును ఊహించుకుందాం. అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంట్లో ఈ జట్టు మొదటి మ్యాచ్ 68-61తో గెలిచింది. రెండో మ్యాచ్ 54-58తో ఓడింది. ఇంతవరకే తెలిస్తే ఎవరైనా ఏమంటారు? మన స్కోరు 68 నుంచి 54కు పడిపోయింది, అంటే అటాక్ దెబ్బతింది. మొదటిసారి 61 ఇచ్చాం, ఈసారి 58 ఇచ్చాం, అంటే డిఫెన్స్ కాస్త మెరుగే. వినడానికి సబబుగానే ఉంది. కానీ రెండు మాటలూ తప్పు. నిజం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

ముందు వంతులు లెక్కపెట్టాలి

బంతి మన చేతికి వచ్చినప్పటి నుంచి అవతలి జట్టు చేతికి వెళ్లేదాకా ఒక వంతు. కోచింగ్ భాషలో పొసెషన్ అంటారు. షాట్ పడినా వంతు అయిపోతుంది. షాట్ తప్పి, రింగ్‌కి తగిలి వెనక్కొచ్చిన బంతిని (రీబౌండ్) అవతలివాళ్లు పట్టినా అయిపోతుంది. మనవాడు బంతిని నేలకు కొట్టకుండా అడుగులు వేసినా (ట్రావెల్), పాస్ చేజారినా అంతే, ఇలా షాట్ లేకుండానే బంతి పోగొట్టుకోవడాన్ని టర్నోవర్ అంటారు. షాట్ తప్పినా మనవాళ్లే రీబౌండ్ పట్టుకుంటే (అఫెన్సివ్ రీబౌండ్) మాత్రం కొత్త వంతు మొదలవదు, పాతదే కొనసాగుతుంది.

వంతులు ఇటొకటి అటొకటిగా మారుతూ ఉంటాయి. అందుకని మ్యాచ్ ముగిసేసరికి రెండు జట్లకూ దాదాపు సమానంగా వస్తాయి. క్వార్టర్ చివర్లో బంతి ఎవరి దగ్గరుందన్నదాన్ని బట్టి ఒకటి రెండు తేడా రావచ్చు. అంటే ఈ ఆటలో అవకాశాలు ఇద్దరికీ సమానమే, ఒక్కో అవకాశాన్ని ఎవరు ఎక్కువ పాయింట్లుగా మార్చుకున్నారన్నదే గెలుపోటములు. 1961 నుంచి 1997 దాకా అమెరికాలో నార్త్ కరొలైనా యూనివర్సిటీ జట్టుకు కోచ్‌గా ఉన్న డీన్ స్మిత్ తన జట్టును మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లని కాక వంతుకి ఎన్ని పాయింట్లని చూసేవారు. కంప్యూటర్లు బెంచీల దాకా రాని కాలంలోనే, కాగితం పెన్సిల్‌తో. మైకేల్ జోర్డాన్ కాలేజీ ఆట ఆడింది ఆయన దగ్గరే.

వంతులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కష్టమనుకుంటే సూత్రం ఉంది:

వంతులు = వేసిన షాట్లు − అఫెన్సివ్ రీబౌండ్లు + టర్నోవర్లు + 0.44 × వేసిన ఫ్రీత్రోలు

ఒక్క వంతును దగ్గరగా చూస్తే ఈ సూత్రం బోధపడుతుంది. మన 7వ నంబరు కుర్రాడు కుడివైపు నుంచి లోపలికి దూరి లేఅప్ (రింగ్ దగ్గరికెళ్లి వేసే షాట్) వేశాడు, రింగ్‌కి తగిలి బయటికొచ్చింది. మన 11వ నంబరు ఎగిరి పట్టుకుని మళ్లీ వేశాడు, పడింది. షాట్లు రెండు, అఫెన్సివ్ రీబౌండ్ ఒకటి. రెండులోంచి ఒకటి తీసేస్తే ఒక వంతు. సరిపోయింది. టర్నోవర్ అయితే షాటే ఉండదు గనక దాన్ని విడిగా కలపాలి.

ఇక ఆ 0.44 సంగతి. ఫ్రీత్రోలు, అంటే అవతలివాళ్ల ఫౌల్‌కి అడ్డు లేకుండా వేసే షాట్లు, ఎక్కువగా రెండేసి వస్తాయి, రెండూ కలిసి ఒక వంతు. ఆ లెక్కన 0.5తో గుణించాలి. అయితే షాట్ పడుతుండగా ఫౌల్ జరిగితే అదనంగా ఒక ఫ్రీత్రో ఇస్తారు. ఆ వంతు షాట్ లెక్కలో ముందే వచ్చేసింది, మళ్లీ లెక్కపెట్టకూడదు. టెక్నికల్ ఫౌల్‌కి వచ్చేవీ అలాంటివే. వీటన్నిటినీ సర్దితే సగటున 0.44 దగ్గర తేలింది. అమెరికన్ కాలేజీ ఆటకు 0.475 వాడేవాళ్లున్నారు. మన లెక్కకు 0.44 చాలు.

ఇప్పుడు మన జట్టు నోట్‌బుక్ తెరుద్దాం. మొదటి మ్యాచ్‌లో 66 షాట్లు, 9 అఫెన్సివ్ రీబౌండ్లు, 20 టర్నోవర్లు, 16 ఫ్రీత్రోలు. సూత్రంలో వేస్తే 84 వంతులు. రెండో మ్యాచ్‌లో 54 షాట్లు, 8 అఫెన్సివ్ రీబౌండ్లు, 11 టర్నోవర్లు, 12 ఫ్రీత్రోలు. వస్తున్నది 62 వంతులు. మొదటిది పరుగుల ఆట, రెండోది అవతలి జట్టు షాట్ వేయడానికి ఉండే 24 సెకన్లూ వాడుకుంటూ నింపాదిగా నడిపిన ఆట. ఒకే 40 నిమిషాల్లో అవకాశాలు పాతిక శాతం పైగా తగ్గిపోయాయి.

నూరు వంతులకు ఎన్ని పాయింట్లని చూస్తే, మొదటి మ్యాచ్‌లో మన జట్టు 81 చేసి 73 ఇచ్చింది. రెండో మ్యాచ్‌లో 87 చేసి 94 ఇచ్చింది. ఓడిన మ్యాచ్‌లోనే మన అటాక్ మెరుగ్గా ఉంది! కూలిపోయింది డిఫెన్స్. పీడీ గారు రెండొందల షాట్లు వేయిస్తే చెయ్యి అలవాటు పడుతుంది, మంచిదే. కానీ ఓటమికి కారణమైనది అలాగే ఉండిపోతుంది.

నాలుగు ప్రశ్నలు

డిఫెన్స్ కూలింది సరే, ఎక్కడ కూలింది? ఇక్కడ డీన్ ఆలివర్ అనే అమెరికన్ విశ్లేషకుడు 2000ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన నాలుగు అంశాల పద్ధతి పనికొస్తుంది. ఒక వంతులో జరగగలిగే ముఖ్యమైన విషయాలు నాలుగే అంటాడాయన: షాట్ ఎంత బాగా పడింది, షాట్ దాకా వెళ్లకుండానే బంతి పోగొట్టుకున్నామా, తప్పిన షాట్‌ను మళ్లీ పట్టుకున్నామా, ఫ్రీత్రో లైన్ దగ్గరికి ఎంత తరచుగా వెళ్లాం. వీటి బరువులు సుమారుగా 40, 25, 20, 15 శాతం అని ఆయన అంచనా.

షాట్ల దగ్గర ఒక చిన్న సవరణ ఉంది. పది షాట్లలో నాలుగు పడ్డాయంటే 40 శాతం. ఆ నాలుగూ త్రీలైతే, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లైతే, 12 పాయింట్లు, మామూలువైతే 8. రెండింటినీ 40 అనడం అన్యాయం. అందుకని పడిన ప్రతి త్రీకి అదనంగా అర షాట్ కలుపుతారు. పడిన షాట్లకు, పడిన త్రీల్లో సగం కలిపి, మొత్తం వేసిన షాట్లతో భాగించాలి. దీన్ని ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం అంటారు. అదొక్కటి గుర్తుంటే మామూలు షూటింగ్ శాతాన్ని పక్కన పెట్టేయవచ్చు.

మన జట్టు మొదటి మ్యాచ్‌లో 66 షాట్లు వేస్తే 27 పడ్డాయి, వాటిలో 4 త్రీలు. సవరించిన శాతం 43.9. రెండో మ్యాచ్‌లో 54కు 22, వాటిలో 3 త్రీలు. 43.5. అంటే "షాట్లు పడలేదు" అన్న మాట పూర్తిగా తప్పు. ముందు రోజు ఎలా పడ్డాయో ఆ రోజూ అలాగే పడ్డాయి. అటాక్ మెరుగుపడింది టర్నోవర్ల వల్ల. మొదటి మ్యాచ్‌లో నూరు వంతుల్లో 24 టర్నోవర్లయితే రెండోదాంట్లో 18.

ఇప్పుడు అవతలి పక్క చూద్దాం. మొదటి మ్యాచ్ ప్రత్యర్థులు 65 షాట్లు వేస్తే 25 పడ్డాయి, 3 త్రీలు. 40.8 శాతం. రెండో మ్యాచ్ ప్రత్యర్థులు 61కి 23, 3 త్రీలు. 40.2 శాతం. మనకంటే అధ్వానంగా వేసిన జట్టు మనల్ని ఓడించింది. షాట్ల మీద చెయ్యి అడ్డం పెట్టడంలో మన డిఫెన్స్ లోపం ఏమీ లేదు. లోపం షాట్ తప్పిన తర్వాతి క్షణంలో ఉంది. రెండో మ్యాచ్‌లో ప్రత్యర్థుల తప్పిన షాట్లలో పట్టుకున్న రీబౌండ్లు 34 అయితే, 14 వాళ్లే తిరిగి పట్టుకున్నారు. 41 శాతం. మొదటి మ్యాచ్ ప్రత్యర్థులకు 36లో 8 దొరికాయి, 22 శాతం. పైగా మొదటి మ్యాచ్‌లో మన ఒత్తిడికి 21 సార్లు బంతి పోగొట్టుకున్నారు ప్రత్యర్థులు. రెండోదాంట్లో వాళ్ల టర్నోవర్లు 8 మాత్రమే.

ఈ రెండూ కలిసి ఏం చేశాయో చూడండి. వంతులు సమానమే, కానీ వాళ్లకు 61 షాట్లు, మనకు 54. ఏడు షాట్లు ఎక్కువ. అందుకే తక్కువ శాతంతో వేసినా నాలుగు పాయింట్లతో గెలిచారు. ఫ్రీత్రోల్లో పెద్ద తేడా లేదు, వాళ్లు 15కు 9, మనం 12కు 7.

ఆలివర్ బరువుల గురించి నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. షూటింగ్‌కి 40 శాతం అన్నది ప్రొఫెషనల్ ఆటను చూసి వేసిన అంచనా. అక్కడ బంతి పోగొట్టుకోవడం తక్కువ, బాక్స్ అవుట్ (షాట్ గాల్లో ఉండగా ప్రత్యర్థిని వీపుతో ఆపడం) అందరికీ అలవాటు. మన కాలేజీ ఆటలో ఒక జట్టు 12 టర్నోవర్లు చేస్తే ఇంకో జట్టు 30 చేస్తుంది. అంత తేడా ఉన్నచోట టర్నోవర్లకూ రీబౌండ్లకూ ఇంకా ఎక్కువ బరువు ఉండాలని నేననుకుంటాను.

తప్పిన షాట్‌ను ఎవరు రాస్తారు?

ఇదంతా చెయ్యడానికి అడ్డం లెక్కలు కాదు, రాయడం. టేబుల్ దగ్గర ఉండే అధికారిక ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) స్కోర్‌షీట్‌లో షాట్ పడితే ఆ అంకె మీద ఏటవాలు గీత గీస్తారు, ఫ్రీత్రో పడితే నిండు చుక్క పెడతారు, త్రీ అయితే ఆటగాడి నంబరు చుట్టూ సున్నా చుడతారు. ఫౌళ్లు, టైమౌట్లు ఉంటాయి. తప్పిన షాట్‌కు ఆ కాగితంలో చోటే లేదు. రీబౌండ్‌కు లేదు, టర్నోవర్‌కు లేదు. పైన మనం చెప్పుకున్న ఓటమి కథ మొత్తం స్కోర్‌షీట్‌లో లేని వాటితోనే అల్లుకుంది.

కాబట్టి ఎవరో ఒకరు రాయాలి. మన డిగ్రీ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చదివే పిల్లలున్నారు, ప్రాక్టికల్స్‌కి ఎప్పటివో పాత డేటా ఇచ్చి స్టాండర్డ్ డీవియేషన్ కట్టిస్తుంటారు. వాళ్లను గ్రౌండ్‌కి తీసుకురండి. ఇద్దరుంటే చాలు. ఒకరు ఆట మీద నుంచి చూపు తిప్పకుండా పైకి చెబుతుండాలి, ఇంకొకరు తల ఎత్తకుండా రాస్తుండాలి. "7, లోపల, మిస్. 11, అఫెన్సివ్. 11, లోపల, పడింది." ఒక్కరే చూస్తూ రాస్తే రీబౌండ్లు తప్పిపోతాయి. రాయడానికి తల దించిన ఆ క్షణంలోనే రీబౌండ్ జరుగుతుంది మరి. అవతలి జట్టుకూ ఇవే లెక్కలు రాయాలి. మనవాళ్లవి మాత్రమే రాసే నోట్‌బుక్‌తో డిఫెన్స్ గురించి ఒక్క మాట కూడా చెప్పలేం. అమ్మాయిల జట్టుకూ ఇదే పద్ధతి, ఒక్క గీత కూడా మార్చక్కర్లేదు.

టర్నోవర్ పక్కన అది ఎలా జరిగిందో రెండక్షరాలు రాసుకుంటే ఇంకా మేలు. తప్పు పాసా, ట్రావెలా, ఎనిమిది సెకన్లలో హాఫ్ దాటలేకపోయామా, 24 సెకన్లు అయిపోయాయా. 20 టర్నోవర్లన్నది బాధ మాత్రమే. 20లో 9 ప్రెస్‌లో (కోర్టంతా వెంటపడి ఒత్తిడి పెట్టే డిఫెన్స్) ఇరుక్కుని చేసిన తప్పు పాసులు అని తెలిస్తే రేపటి ప్రాక్టీస్ ఏమిటో తేలిపోతుంది.

రెండు మ్యాచ్‌లు చూసి ఎంత నమ్మాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లోనే 350కి పైగా కాలేజీ జట్లున్నాయి, ఒక్కో జట్టు సీజన్‌లో ముప్పై దాకా మ్యాచ్‌లు ఆడుతుంది. ప్రతి షాట్‌కూ, టర్నోవర్‌కూ రికార్డు ఉంటుంది. మన దగ్గర ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ కిందో, విజయనగరంలోని జేఎన్‌టీయూ కిందో ఉన్న కాలేజీ జట్టు నాకౌట్‌లో ఒక్క మ్యాచ్ ఓడితే ఆ టోర్నమెంట్ అయిపోయినట్టే. అక్కడి పద్ధతులు తెచ్చి ఇక్కడ పెట్టేముందు ఇంత చిన్న డేటా ఏం చెప్పగలదో తెలుసుకోవాలి.

మూడు త్రీలు వేస్తే నిజంగా ఒకటి పడే నైపుణ్యం ఉన్న అమ్మాయి ఉందనుకుందాం. ఒక మ్యాచ్‌లో పది త్రీలు వేస్తే సగటున మూడు పడాలి. కానీ ఆమె ఆటలో ఏ మార్పూ లేకపోయినా, ఉత్త అదృష్టం వల్లే, దాదాపు పది మ్యాచ్‌ల్లో ఒకసారి ఒకటో సున్నానో పడుతుంది. దాదాపు పదమూడు మ్యాచ్‌ల్లో ఒకసారి ఆరు, అంతకంటే ఎక్కువ పడతాయి. ఆరు పడ్డ రోజు ఆమెను ఎత్తేస్తాం, ఒకటి పడ్డ రోజు "టెన్షన్ పడింది" అంటాం. రెండు రోజులూ ఆడింది ఒకే అమ్మాయి, ఒకే నైపుణ్యంతో.

సరే, వంద త్రీలు రాసుకున్నాం. 33 పడ్డాయి. ఇప్పుడైనా ఆమె శాతం తెలిసిందా? సుమారు 24కూ 43కూ మధ్య ఎక్కడో ఉంటుందని మాత్రమే ధైర్యంగా చెప్పగలం. 24 శాతం అయితే త్రీలు వెయ్యొద్దనాలి, 43 అయితే ప్రతి వంతూ ఆమె చేతికే ఇవ్వాలి. వంద షాట్ల తర్వాత కూడా అంత అనిశ్చితి.

ఇంకా తెలివైన సూత్రంతో ఈ అనిశ్చితిని తగ్గించలేమా అని ఎవరికైనా తోస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు మన పక్క యూనివర్సిటీలో చదువుకున్న మనిషే ఇచ్చాడు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేసి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన సి.ఆర్. రావు గారు 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక పేపర్ రాశారు. ఇచ్చిన డేటాలోంచి ఒక పక్షానికి మొగ్గని అంచనా ఎంత కచ్చితంగా రాగలదో దానికొక హద్దు ఉందని, ఆ హద్దు దాటి ఎంత గొప్ప పద్ధతీ పోలేదని ఆయన నిరూపించారు. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామర్ పేరుతో కలిపి దాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. ఆ పనికి, ఆ పేపర్‌లోని మరికొన్ని ఫలితాలకు 2023లో, నూటరెండేళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. పడిన షాట్లను వేసిన షాట్లతో భాగించే మన మామూలు శాతం ఉంది చూశారూ, అది ఇప్పటికే ఆ హద్దును తాకి ఉంది. ఆ వంద షాట్ల పడిందా తప్పిందా అన్న లెక్క నుంచి ఇంతకంటే ఏమీ పిండలేం.

పిండాలంటే ఇంకో రకం సమాచారం తేవాలి. నేను పట్టుబట్టి చెప్పేది ఇదే: మ్యాచ్‌లు తక్కువైనప్పుడు ఫలితాలకంటే నిర్ణయాలను లెక్కపెట్టండి. త్రీ పడిందా అన్నది మ్యాచ్‌కి పదిసార్లు వచ్చే డేటా, సగం అదృష్టం. అవతలివాళ్ల షాట్ గాల్లో ఉండగా మన ఐదుగురిలో ఎంతమంది తిరిగి తమ మనిషిని వీపుతో ఆపారన్నది? మన రెండో మ్యాచ్‌లో ప్రత్యర్థులు 38 షాట్లు మిస్ చేశారు. ఒక్కోదానికి ఐదుగురు, అంటే 190 పరిశీలనలు. అవి ఒకదానితో ఒకటి ముడిపడినవే అయినా పదితో పోలికే లేదు. పైగా బాక్స్ అవుట్ చెయ్యడం ఆటగాడి చేతిలో ఉన్న పని. మనసు పెడితే అవుతుంది, పెట్టకపోతే కాదు, గాలికీ రింగ్‌కీ దాంతో సంబంధం లేదు. ఒక్క మ్యాచ్ తర్వాతే "4వ నంబరు పదిలో ఆరుసార్లు బంతినే చూస్తూ నిలబడ్డాడు" అని గట్టిగా చెప్పగలం.

షాట్ల విషయంలోనూ అంతే. ఎక్కడి నుంచి వేశామన్నది నిర్ణయం, పడిందా అన్నది ఫలితం. కాగితం మీద కోర్టు బొమ్మ గీసి ప్రతి షాట్ వేసినచోట గుర్తు పెట్టండి. ఎవరూ అడ్డు లేకుండా రింగ్ దగ్గర వేసిన లేఅప్ సగం పడినా ఒక్కోదానికి 1 పాయింటు. 6.75 మీటర్ల గీత అవతలి నుంచి 30 శాతం పడితే 0.9. ఆ గీతకు ఒక అడుగు లోపల నిలబడి 35 శాతం వేస్తే 0.7 మాత్రమే. దూరం ఇంచుమించు అదే, పాయింటు మాత్రం ఒకటి తక్కువ. ఆ ఒక్క అడుగు లోపలి షాట్ మన కాలేజీ ఆటలో మరీ ఎక్కువ. అయితే మన వైపు చాలా కోర్టులు ఆరుబయట సిమెంటువే. సాయంత్రం గాలి లేస్తే దూరపు షాట్ దారి తప్పుతుంది. ఇండోర్ స్టేడియంలో ఆడే అమెరికన్లు త్రీలకు మొగ్గుతున్నారని గాలిలో మనమూ మొగ్గితే లెక్క తప్పుతుంది. అందుకని నోట్‌బుక్ పై మూలన కోర్టు ఎలాంటిది, గాలి ఉందా, పగలా, లైట్ల కిందా అని ఒక ముక్క రాసుకోవాలి. ప్రాక్టీస్‌లో వేసే షాట్లను కూడా అదే గాలిలో రాసి పెట్టుకుంటే, వంద కాదు, వేలల్లో డేటా వస్తుంది. ఎదురుగా డిఫెండర్ లేడు గనక అది మ్యాచ్ శాతం కాదు, కానీ ఇద్దరిలో ఎవరు మెరుగన్నది తేల్చడానికి ఉపయోగపడుతుంది.

"వాడికి ఇవాళ పడుతోంది, వాడికే ఇవ్వండి" అన్న మాటనూ కొంచెం చూడాలి. వరసగా మూడు పడ్డాక నాలుగోది పడే అవకాశం నిజంగా పెరుగుతుందా? 1985లో గిలోవిచ్, వాలోన్, ట్వెర్స్కీ అనే పరిశోధకులు ఫిలడెల్ఫియా జట్టు మ్యాచ్‌లు, కార్నెల్ యూనివర్సిటీ ఆటగాళ్లతో చేసిన ప్రయోగం పరిశీలించి, అది భ్రమ అని తేల్చారు. ముప్పై ఏళ్లపాటు అందరూ అదే పాఠం చెప్పారు. తర్వాత మిల్లర్, సాన్‌హుర్హో అనే ఇద్దరు 2018లో ఆ లెక్కలోనే సన్నని లోపం పట్టుకున్నారు. నాణేన్ని మూడుసార్లు ఎగరేయండి. బొమ్మ పడ్డ వెంటనే మళ్లీ బొమ్మ ఎన్నిసార్లు పడిందో శాతం కట్టండి. వచ్చే ఎనిమిది రకాల వరసల్లో ఈ శాతం కట్టగలిగినవి ఆరు. వాటి సగటు సగం కాదు, పన్నెండింట ఐదు! కాగితం మీద రాసి చూస్తే ఎవరికైనా తేలుతుంది. చిన్న వరసల్లో ఇలా లెక్కిస్తే వచ్చే జవాబు అసలుకంటే తక్కువగా ఉంటుంది. 1985 పరిశోధకులు సమానం అనుకున్నది నిజానికి కాస్త పెరుగుదలే. అంటే కోచ్‌ల అనుభవంలో కొంత నిజం ఉంది. అయితే ఆ పెరుగుదలను మ్యాచ్ మధ్యలో ఎవరూ కొలవలేరు, మూడు పడ్డవాణ్ని అవతలి జట్టు ఇద్దరితో కాపలా కాస్తుంది కూడా. వాడికే ఇవ్వండి, అడ్డు లేనప్పుడు.

ప్లస్ మైనస్ గురించి అడుగుతుంటారు. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది అన్న లెక్క. పది మంది చేసిన పనిని ఒకడి ఖాతాలో వేస్తుంది. ముప్పై మ్యాచ్‌లున్నవాళ్లే దాన్ని సరిదిద్దడానికి పెద్ద గణితం వాడతారు. రెండు మూడు మ్యాచ్‌లతో ఎవరినైనా జట్టులోంచి తీసెయ్యడానికి అది సాక్ష్యం కాదు. అలా తీసేస్తే ఆ పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది.

ప్రత్యర్థి ఎవరన్నదీ మరచిపోకూడదు. మొదటి మ్యాచ్‌లో 21 టర్నోవర్లు మన ఒత్తిడి వల్లా, ఆ జట్టు ఎప్పుడూ అంతేనా? అదే టోర్నమెంట్లో వాళ్లు ఆడిన ఇంకో మ్యాచ్‌కి కూడా మన నోట్‌బుక్ ఇద్దరు కూర్చుంటే తెలిసిపోతుంది. అక్కడా 21 చేశారంటే గొప్ప మనది కాదు. మన మ్యాచ్ అయిపోగానే బస్సెక్కేయకుండా ఇంకో గంటన్నర ఉండడం ఈ పనిలో అన్నిటికంటే చవకైన పెట్టుబడి.

చివరగా, హాఫ్‌టైంలో ఏం చెప్పాలి. పిల్లలు చెమటలు కక్కుతూ నీళ్లు తాగుతుంటారు, పీడీ గారి గొంతు అప్పటికే పోయి ఉంటుంది. ఆ సమయంలో ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం చెబితే ఎవరికీ ఎక్కదు. చీటీ మీద రెండు అంకెలు రాసి పీడీ గారి చేతికి ఇవ్వండి: మన టర్నోవర్లు ఎన్ని, వాళ్లు మన రింగ్ కింద తిరిగి పట్టుకున్న రీబౌండ్లు ఎన్ని. రెండో దాని పక్కన బాక్స్ అవుట్ చెయ్యని ఇద్దరి నంబర్లు కూడా. రెండో హాఫ్‌లో మార్చుకోగలిగినవి అవే. మిగతా పేజీలు మర్నాటి ప్రాక్టీస్‌లో తెరవండి.